ఏఎఫ్‌ఎల్‌లో రెండో కీ ఫార్వర్డ్‌లను జట్టు జట్టుకీ పోల్చడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రస్తుతం 18 జట్లున్నాయి. వాటిలో చాలా జట్లు ఫార్వర్డ్ లైన్‌లో, అంటే గోల్ కొట్టే వైపు, కనీసం ఇద్దరు పొడుగు ఆటగాళ్లను ఆడిస్తాయి. వీళ్లే కీ ఫార్వర్డ్‌లు. మొదటివాడి గురించి పెద్దగా వాదన ఉండదు. గోల్స్ పట్టికలో పైన ఉంటాడు, సీజన్‌లో అత్యధిక గోల్స్ కొట్టినవాడికి ఇచ్చే కోల్‌మన్ మెడల్ పోటీలో అతని పేరు వినిపిస్తుంది. పోలిక తప్పేది రెండోవాడి దగ్గరే. అన్ని జట్లలోనూ ఆ స్థానం పేరు ఒకటే, అక్కడ చేసే పని మాత్రం వేరు. క్రికెట్‌లో మూడో స్థానపు బ్యాటర్ సగటునీ ఆరో స్థానపు బ్యాటర్ సగటునీ పక్కపక్కన పెట్టి ఎవరు మేలో తేల్చేయం కదా. ఇక్కడా ముందు పనిని వేరు చేసుకోవాలి. ఆ తర్వాత అవకాశాలు లెక్కగట్టాలి. గోల్స్ సంఖ్య చూడాల్సింది ఆ రెండూ అయ్యాకే.

మెల్బోర్న్ పశ్చిమ శివార్లలో స్థిరపడి ఈ ఆటకు దగ్గరవుతున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కొత్తవారి కోసం నాలుగు ముక్కలు. రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పొడవాటి స్తంభానికీ పక్కనున్న పొట్టి స్తంభానికీ మధ్య నుంచి పోతే బిహైండ్, 1 పాయింటు. కనీసం 15 మీటర్లు ప్రయాణించిన కిక్‌ను నేల తాకకుండా పట్టుకుంటే అది మార్క్. అలా పట్టినవాడు ఎవరూ అడ్డుపడకుండా గోల్‌కు తన్నవచ్చు, దాన్ని సెట్ షాట్ అంటారు. గోల్ ముందు 50 మీటర్ల గీత లోపలికి బంతి వెళ్లడాన్ని ఇన్‌సైడ్ 50 అంటారు. కీ ఫార్వర్డ్ బతుకంతా ఆ గీత చుట్టూనే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. గణాంకాలకు ఏఎఫ్‌ఎల్ టేబుల్స్, ఫుటీవైర్ అనే ఉచిత సైట్లు సరిపోతాయి. గోల్స్, బిహైండ్స్, కంటెస్టెడ్ మార్క్‌లు (ఎదుటివాడితో పోటీపడి పట్టినవి), ఇన్‌సైడ్ 50లో పట్టిన మార్క్‌లు, హిట్‌అవుట్లు (ఆట మళ్లీ మొదలయ్యేటప్పుడు పైకి లేచిన బంతిని రక్‌మన్ అనే పొడుగు ఆటగాడు ఎగిరి తమవాళ్ల వైపు తట్టడం), గోల్ అసిస్ట్‌లు, మైదానంలో ఉన్న సమయం శాతం, ఇవన్నీ మ్యాచ్‌లవారీగా దొరుకుతాయి. సెంటర్ బౌన్స్ (మైదానం మధ్యలో ఆట మొదలుపెట్టడం) హాజరు శాతాలు ఫ్యాంటసీ ఆడేవాళ్ల కోసం నడిచే సైట్లలో ఉంటాయి. లీగ్ అధికారిక లెక్కలు తీసే ఛాంపియన్ డేటా సంస్థ దగ్గర ఇంతకంటే లోతైన సమాచారం ఉంది గానీ అందులో చాలా భాగం బయటికి రాదు. ఆ లోటును ఆట చూసి పూడ్చుకోవాలి. భారత్‌లో ఉన్నవారికి విదేశీ ప్రేక్షకుల కోసం నడిచే వాచ్ ఏఎఫ్‌ఎల్ సేవలో పాత మ్యాచ్‌లు కూడా దొరుకుతాయి.

ఒకేసారి 18 మందినీ పెట్టుకోకండి. నలుగురితో మొదలుపెడితే పద్ధతి చేతికి వస్తుంది.

మొదటి అడుగు: రెండోవాడెవరో తేల్చుకోండి

గోల్స్ తక్కువ ఉన్నవాడే రెండోవాడు అనుకోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. 2022లో ఛాంపియన్‌గా నిలిచిన జీలాంగ్‌నే చూడండి. ఫైనల్స్‌తో (లీగ్ దశ ముగిశాక పై జట్ల మధ్య జరిగే నాకౌట్ తరహా మ్యాచ్‌లతో) కలిపి టామ్ హాకిన్స్ 67 గోల్స్ కొట్టాడు, జెరెమీ కామెరన్ 65 కొట్టాడు. రెండు గోల్స్ తేడాతో ఒకరిని రెండోవాడని అనడంలో అర్థం లేదు. అప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఎదుటి జట్టులోని అత్యుత్తమ డిఫెండర్ ఎవరిని పట్టుకుంటున్నాడు? సాధారణంగా మొదటివాడినే. బ్రిస్బేన్ హారిస్ ఆండ్రూస్, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ (జీడబ్ల్యూఎస్) సామ్ టేలర్, కార్ల్‌టన్ జాకబ్ వైటరింగ్ వంటివారు ఎవరి పక్కకు వెళ్లారో రాసుకోండి. దీనికి మంచి సమయం ప్రతి క్వార్టర్ మొదటి సెంటర్ బౌన్స్. 2019 నుంచి అమల్లో ఉన్న 6-6-6 నిబంధన వల్ల ఆ క్షణంలో ఆరుగురు ఫార్వర్డ్‌లూ ఆరుగురు డిఫెండర్లూ తమ తమ చోట్లే నిలబడాలి. ఎవరికి ఎవరు జతో అప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆట సాగేకొద్దీ జతలు చెదిరిపోతాయి.

దారి మూసుకుపోయినప్పుడు మిడ్‌ఫీల్డర్ కళ్లు మూసుకుని ఎవరి మీదికి పొడవుగా తన్నుతున్నాడు? సాధారణంగా అతనే మొదటివాడు.

మొదటి రక్‌మన్ బెంచ్‌కి వెళ్లినప్పుడు అతని స్థానంలోకి ఎవరు వెళ్తున్నారు? చాలా జట్లలో అది రెండోవాడి పని.

మూడింట్లో రెండు జవాబులు ఒకే మనిషిని రెండోవాడిగా చూపిస్తే సందేహం తీరినట్టే. అయితే ఈ తీర్పు ఆ సీజన్‌కే. 2021లో 58 గోల్స్‌తో కోల్‌మన్ గెలిచింది కార్ల్‌టన్ ఆటగాడు హ్యారీ మెకే. మరుసటి ఏడాది 64 గోల్స్‌తో అదే మెడల్ గెలిచింది అతని పక్కనే ఆడిన చార్లీ కర్నో. జట్టు మారలేదు, వరస మారింది. గాయాలున్న ఏడాదైతే సీజన్‌ను రెండు సగాలుగా విడగొట్టి చూడటం మంచిది.

కొన్ని జట్లకు ఆ స్థానమే ఉండదు. 2017లో రిచ్‌మండ్ జాక్ రీవోల్ట్ ఒక్కడినే పొడుగు ఫార్వర్డ్‌గా పెట్టి, చుట్టూ పొట్టి ఆటగాళ్లను పరిగెత్తించి టైటిల్ గెలిచింది. అలాంటి జట్టు గడిని ఖాళీగా వదిలేయండి. గోల్స్ ఎక్కువున్నాయి కదా అని మధ్యస్థ ఎత్తున్న ఆటగాడిని అందులో ఇరికించకండి. 2021 గ్రాండ్ ఫైనల్‌లో ఆరు గోల్స్ కొట్టిన మెల్బోర్న్ ఆటగాడు బేలీ ఫ్రిచ్ గొప్ప ఫార్వర్డే, కానీ అతని మీదికి వచ్చే డిఫెండరూ వేరు, అతను అందుకునే బంతీ వేరు.

రెండో అడుగు: పనినిబట్టి గుంపులు చేయండి

పోలిక విలువ సగానికి సగం ఇక్కడే తేలిపోతుంది. నాలుగు గుంపులు చాలు.

జంట స్తంభాలు: ఇద్దరూ గోల్ కొట్టడానికే ఉన్నవారు. హాకిన్స్–కామెరన్, కర్నో–మెకే, 2018 చివర్లో గోల్డ్ కోస్ట్ నుంచి టామ్ లించ్ వచ్చాక రిచ్‌మండ్‌లో లించ్–రీవోల్ట్. ఈ గుంపులోని రెండోవాడికి గోల్సే ప్రధాన కొలత.

రక్-ఫార్వర్డ్‌లు: ఆటలో కొంత భాగం మైదానం మధ్యలో రక్‌గా, మిగతాది ఫార్వర్డ్‌గా ఆడేవారు. 2021లో మెల్బోర్న్ టైటిల్ గెలిచినప్పుడు మాక్స్ గాన్ పక్కన ల్యూక్ జాక్సన్ చేసింది ఇదే. తర్వాత అతను ఫ్రీమాంటిల్ వెళ్లాడు. 211 సెంటీమీటర్ల మేసన్ కాక్స్ కాలింగ్‌వుడ్‌లో ఎక్కువగా ఈ పనే చేశాడు.

పైకి వచ్చి అందుకునేవారు: గోల్‌కు దూరంగా, వింగ్ (మైదానం నడిమి భాగంలో పక్క అంచు) దాకా పరిగెత్తి తమ డిఫెన్స్ నుంచి బయటికొచ్చే బంతిని పట్టి ముందుకు పంపేవారు. వీరి మార్క్‌లలో చాలా భాగం 50 మీటర్ల గీత బయటే పడతాయి. కాబట్టి ఇన్‌సైడ్ 50 మార్క్‌ల పట్టికలో వీళ్లు బలహీనంగా కనిపిస్తారు.

బంతిని కిందకు దించేవారు: తాము పట్టకపోయినా డిఫెండర్‌ను పట్టనివ్వనివారు. 192 సెంటీమీటర్ల ఎత్తుతోనే కీ ఫార్వర్డ్‌గా ఆడిన బ్రోడీ మిహోచెక్, బ్రిస్బేన్ నుంచి 2023 సీజన్‌కు కాలింగ్‌వుడ్ వచ్చిన డాన్ మెక్‌స్టే ఈ కోవకు దగ్గరగా ఉంటారు. వీళ్ల విలువ పట్టికల్లో అన్నిటికంటే తక్కువగా కనిపిస్తుంది. కానీ కోచ్‌లు వీళ్లను వదులుకోవడానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. మనం కూడా ఇక్కడే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

ఒక మనిషి రెండు గుంపుల్లో పడితే ప్రధానమైనది రాసి, రెండోది పక్కన గుర్తుపెట్టండి. ముందు ఒకే గుంపులోని వారిని పోల్చండి. గుంపులు దాటి పోల్చడం చివరి మాట.

మూడో అడుగు: సంఖ్యలను శుభ్రం చేయండి

ఫైనల్స్ కలిశాయో లేదో చూడండి. కోల్‌మన్ మెడల్ లెక్కలో ఫైనల్స్ గోల్స్ ఉండవు. 2023లో కర్నో గోల్స్ ఒకచోట 78 అని, మరోచోట 81 అని కనిపిస్తాయి. రెండూ నిజమే, రెండోదాంట్లో ఫైనల్స్ కలిశాయి. ఒకరికి అదీ మరొకరికి ఇదీ తీసుకుంటే పోలిక మొదట్లోనే పాడవుతుంది.

2020ని వేరుగా చూడండి. కోవిడ్ వల్ల ఆ ఏడాది ఒక్కో జట్టుకు 17 మ్యాచ్‌లే జరిగాయి, క్వార్టర్ నిడివిని 20 నిమిషాల నుంచి 16కు తగ్గించారు. ఆ సీజన్‌లో హాకిన్స్ 42 గోల్స్‌తో కోల్‌మన్ గెలిచాడు. ఆ ఏడాది అంకెలను ఇతర ఏళ్లతో పోల్చాలంటే మ్యాచ్ సగటును 1.25తో గుణించండి. ఇది కచ్చితమైన సవరణ కాదు, ఎందుకంటే బంతి ఆగిన సమయాన్ని కలిపే పద్ధతి వేరే ఉంది. అయినా సవరించకుండా వదిలేయడం కంటే చాలా నయం.

సగంలో ఆగిన మ్యాచ్‌లను తీసేయండి. మైదానంలో ఉన్న సమయం 50 శాతం కంటే తక్కువైతే అది సాధారణంగా గాయమో, 2025 దాకా ఉన్న నిబంధన ప్రకారం సబ్‌స్టిట్యూట్‌గా రావడమో. అలాంటివి రెండు మూడు ఉంటే మ్యాచ్ సగటు కిందికి లాగేస్తుంది.

ఒకే ఒక్క పెద్ద రోజు మొత్తాన్ని మోయకుండా చూడండి. 2024లో అడిలైడ్ మీద సిడ్నీ ఆటగాడు జోయెల్ అమార్టీ ఒక్క మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ కొట్టాడు. అద్భుతమైన రోజే. కానీ అలాంటి మ్యాచ్ ఒకటి ఉంటే సగటు మోసం చేస్తుంది. సగటు పక్కనే మధ్యస్థం (మ్యాచ్‌లవారీ గోల్స్‌ను వరుసగా పేర్చితే నడిమిన వచ్చే అంకె) రాయండి. రెండు లేదా అంతకంటే ఎక్కువ గోల్స్ వచ్చిన మ్యాచ్‌లు ఎన్నో కూడా రాయండి. రెండోవాడి నుంచి జట్టు కోరుకునేది ఆ నిలకడే.

నాలుగో అడుగు: అవకాశాలతో భాగించండి

మ్యాచ్‌కు 55 సార్లు బంతిని ఇన్‌సైడ్ 50కి పంపే జట్టు ఫార్వర్డ్‌కూ, 46 సార్లు పంపే జట్టు ఫార్వర్డ్‌కూ ముందున్న దారి ఒకటి కాదు. పైగా అందులో కొంత సమయం అతను బెంచ్ మీదో, రక్‌లోనో ఉంటాడు. లెక్క ఎలా చేయాలో రెండు ఊహాత్మక ఉదాహరణలతో చూడండి.

క అనే ఆటగాడు: 20 మ్యాచ్‌లు, 36 గోల్స్, మైదానంలో 82 శాతం సమయం, జట్టు మ్యాచ్‌కు 55 ఇన్‌సైడ్ 50లు, రక్ పని లేదు. మొత్తం ప్రవేశాలు 1100. అతను మైదానంలో ఉన్నప్పుడు వచ్చినవి సుమారు 902. వందకు 4 గోల్స్.

గ అనే ఆటగాడు: 20 మ్యాచ్‌లు, 30 గోల్స్, 84 శాతం సమయం, జట్టు మ్యాచ్‌కు 46 ఇన్‌సైడ్ 50లు, ఆడిన సమయంలో పావు భాగం రక్‌లో. మొత్తం ప్రవేశాలు 920. మైదానంలో ఉన్నప్పుడు 773. రక్ సమయం తీసేస్తే 580. వందకు 5.2 గోల్స్.

పట్టికలో క ఆరు గోల్స్ ముందున్నాడు. ఫార్వర్డ్‌గా నిలబడినప్పుడు వచ్చిన అవకాశాలనుబట్టి చూస్తే గ ముందున్నాడు. ఈ లెక్క రక్-ఫార్వర్డ్‌లకు కాస్త ఎక్కువ ఉదారంగా ఉంటుందని గుర్తుంచుకోండి. రక్‌గా ఆడుతూనే ముందుకు జారి కొట్టిన గోల్ కూడా ఫార్వర్డ్ సమయం ఖాతాలో పడిపోతుంది. అందుకే రక్ సమయం తీసేసిన అంకె, తీయని అంకె రెండూ రాయండి. నిజం ఆ రెంటి మధ్య ఉంటుంది.

రక్ సమయం ఎలా తెలుస్తుంది? సెంటర్ బౌన్స్ హాజరునుబట్టి. ప్రతి క్వార్టర్ మొదట్లోనూ, ప్రతి గోల్ తర్వాతా బంతి మధ్యకు వస్తుంది. మ్యాచ్‌లో 25 సెంటర్ బౌన్స్‌లు జరిగి అతను 5 తీసుకుంటే 20 శాతం. ఇక్కడ ఒక మెలిక ఉంది. సెంటర్ బౌన్స్‌లు దాదాపు లేకపోయినా ఏడెనిమిది హిట్‌అవుట్లు ఉన్నవారు కనిపిస్తారు. వాళ్లు ఫార్వర్డ్ లైన్ వదలకుండానే, గోల్ దగ్గర జరిగే బౌండరీ త్రో-ఇన్‌లలో (గీత దాటిన బంతిని అంపైర్ తిరిగి లోపలికి విసిరినప్పుడు) రక్ పని చేస్తున్నారన్నమాట. వాళ్లకు సమయం కోత పెట్టకూడదు. పైగా ప్రధాన రక్‌మన్‌కు విశ్రాంతి ఇస్తున్నందుకు కొంత విలువ కలపాలి.

ఇన్‌సైడ్ 50ల సంఖ్యకూ ఒక పరిమితి ఉంది. 2023లో నార్త్ మెల్బోర్న్ గెలిచింది మూడే మ్యాచ్‌లు, అయినా నిక్ లార్కీ 71 గోల్స్ కొట్టాడు. అతను మొదటి కీ ఫార్వర్డ్ అనుకోండి, కానీ పాఠం రెండోవాళ్లకూ పనికొస్తుంది. బంతి ఎన్నిసార్లు వచ్చిందన్నదే కాదు, ఎంత వేగంగా, ఎంత ఖాళీ ఉన్నప్పుడు వచ్చిందన్నది కూడా ముఖ్యం. నెమ్మదిగా, పొడవుగా, ముగ్గురు డిఫెండర్లు చేరాక వచ్చే 60 బంతుల కంటే త్వరగా వచ్చే 45 బంతులు ఫార్వర్డ్‌కు మేలు. దీన్ని అంకెల్లో పట్టలేం, ఆరో అడుగులో చూసి పట్టాలి.

ఐదో అడుగు: గురి

గోల్స్‌ను గోల్స్, బిహైండ్స్ మొత్తంతో భాగించి గురి శాతం తీయడం మామూలు. అందులో పెద్ద రంధ్రం ఉంది. చేరకుండా పడిపోయిన షాట్, పక్కనుంచి నేరుగా బయటికి పోయిన షాట్ బిహైండ్‌గా నమోదు కావు. దూరం నుంచి ఎక్కువగా తన్నేవాడి గురి దీనివల్ల ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. మొత్తం షాట్‌లు దొరికితే వాటితోనే భాగించండి. దొరకకపోతే చూసిన మ్యాచ్‌లలో మీరే లెక్కపెట్టండి.

దూరం, కోణం కూడా రాయాలి. గోల్‌కు ఎదురుగా 25 మీటర్ల నుంచి తన్నేవాడినీ, బౌండరీ గీత పక్కన 45 మీటర్ల నుంచి తన్నేవాడినీ ఒకే శాతంతో తూచలేం. రెండోవాళ్లకు పక్క కోణాలు ఎక్కువ పడతాయి, ఎందుకంటే మధ్య దారిని మొదటివాడికి వదిలి తాము పక్కకు పరిగెడతారు. 30 మీటర్ల లోపు, 30 నుంచి 45, ఆపైన అని మూడు గీతలు గీసుకుంటే చాలు. ఒక సీజన్‌లో ఒక్కో గీతలో పది పదిహేను షాట్‌లే ఉంటాయి కాబట్టి శాతాన్ని మరీ గట్టిగా నమ్మకండి.

ఆరో అడుగు: మూడు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి

ముఖ్యాంశాల వీడియోలు పనికిరావు. అందులో గోల్స్ మాత్రమే ఉంటాయి, ఓడిన పోటీలు ఉండవు. ఒక్కో ఆటగాడికి మూడు మ్యాచ్‌లు ఎంచుకోండి: గట్టి డిఫెన్స్ మీద ఒకటి, బలహీన జట్టు మీద ఒకటి, వాన లేదా మంచు పడి బంతి జారిన రోజుది ఒకటి. బంతి అతని మీదికి వచ్చిన ప్రతిసారీ ఒక వరస రాయండి.

ఫలితాన్ని నాలుగు రకాలుగా గుర్తించండి. మార్క్ పట్టాడు. బంతి కింద పడింది, మనవాళ్లకు దొరికింది. కింద పడింది, ఎదుటివాళ్లకు దొరికింది. డిఫెండర్ గాల్లోనే పట్టేశాడు. ఈ చివరిదే అన్నిటికంటే చెడ్డది. ఇంటర్‌సెప్ట్ మార్క్ పట్టిన డిఫెండర్‌కు బంతిని నింపాదిగా ముందుకు పంపే వీలు దొరుకుతుంది, మన ఫార్వర్డ్‌లంతా తప్పుడు చోట్ల ఉండిపోతారు. మార్క్‌కు 2, మనకు దొరికిన నేల బంతికి 1, వాళ్లకు దొరికినదానికి 0, ఇంటర్‌సెప్ట్‌కు మైనస్ 2 ఇవ్వండి. మొత్తాన్ని పోటీల సంఖ్యతో భాగించండి. బంతిని కిందకు దించేవారి అసలు విలువ ఈ ఒక్క అంకెలో బయటపడుతుంది. మ్యాచ్‌కు ఒక్క గోలే కొట్టినా పది పోటీల్లో ఒక్కటే ఇంటర్‌సెప్ట్ ఇచ్చేవాడు, రెండు గోల్స్ కొట్టి నాలుగు ఇంటర్‌సెప్ట్‌లు ఇచ్చేవాడికంటే జట్టుకు ఎక్కువ ఉపయోగపడొచ్చు.

తర్వాత అతను మార్క్ పట్టనప్పుడు ఏం చేశాడో చూడండి. నేలపడిన బంతికి అడ్డుపడ్డాడా, ఎదుటి డిఫెండర్‌ను ట్యాకిల్ చేశాడా, తరిమాడా, నడిచాడా? ఫార్వర్డ్ 50లో ట్యాకిల్స్ సంఖ్య సైట్లలో దొరుకుతుంది గానీ తరమడం, దారి మూయడం అందులో కనిపించవు.

టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది. బంతి 80 మీటర్ల దూరంలో ఉండగా రెండోవాడు డిఫెండర్‌ను పక్కకు లాగి మొదటివాడికి ఖాళీ చేస్తున్నాడా లేదా అన్నది తెరమీద కనిపించదు. మెల్బోర్న్‌లో ఉన్నవారు ఒక్కసారైనా ఎంసీజీలో గోల్ స్తంభాల వెనక సీటు తీసుకుని, రెండు క్వార్టర్ల పాటు బంతిని వదిలేసి అతన్నొక్కడినే చూడాలి. ఎన్ని పట్టికలు చదివినా రాని సంగతి అక్కడ తెలుస్తుంది.

కాలింగ్‌వుడ్ డార్సీ మూర్‌లా తన మనిషిని వదిలేసి బంతి మీదికి వచ్చే డిఫెండర్ ఎదురుగా ఉన్న మ్యాచ్‌లకు విడిగా గుర్తు పెట్టండి. అలాంటివాణ్ని తన వెంటే కట్టిపడేయడం కూడా రెండోవాడి పనే. ఆ రోజు అతను ఒక్క బంతీ తాకకపోయినా పని బాగా చేసి ఉండొచ్చు.

ఏడో అడుగు: అతను లేనప్పుడు ఏమైంది?

గాయం వల్లో, ఎంపిక వల్లో అతను ఆడని మ్యాచ్‌లు విడిగా తీయండి. మొదటివాడి గోల్స్, జట్టు మొత్తం స్కోరు, ప్రధాన రక్‌మన్ మైదానంలో ఉన్న సమయం, ఎదుటివారి ఇంటర్‌సెప్ట్ మార్క్‌లు, ఈ నాలుగు చాలు. రెండోవాడు లేని రోజున మొదటివాడి మీదికి ఇద్దరు డిఫెండర్లు వస్తారు, తేడా అక్కడే తెలుస్తుంది. ఐదు మ్యాచ్‌ల కంటే తక్కువ ఉంటే దీన్ని ఆధారంగా కాక సూచనగానే తీసుకోండి. ఎదురైన జట్లు ఎవరో కూడా పక్కన రాయండి.

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. మొదటివాడే లేకపోతే రెండోవాడు ఎలా ఆడాడు? 2024 టైటిల్ గెలిచాక బ్రిస్బేన్ నుంచి జో డానిహర్ రిటైరయ్యాడు. అలాంటి సందర్భంలో ఎరిక్ హిప్‌వుడ్ వంటి ఆటగాడి ముందుకు ఒక్కసారిగా మేలైన డిఫెండర్లు వస్తారు. అప్పుడు గోల్స్ తగ్గితే ఆట పడిపోయిందని రాయకండి. రెండో డిఫెండర్ మీద కొట్టిన గోల్స్‌నూ మొదటి డిఫెండర్ మీద కొట్టిన గోల్స్‌నూ వేర్వేరు వరసల్లో ఉంచండి.

మైదానం, వాతావరణం

ఇది చిన్న సవరణే. మెల్బోర్న్‌లోని డాక్‌లాండ్స్ స్టేడియం పైకప్పు మూస్తే గాలీ వానా ఉండవు, అక్కడ సొంత మ్యాచ్‌లు ఎక్కువ ఆడేవారి గురి కొంచెం మెరుగ్గా ఉండటం సహజం. జీలాంగ్ సొంత మైదానం పొడవుగా, సన్నగా ఉంటుంది. సిడ్నీ క్రికెట్ గ్రౌండ్ పొట్టిది, మధ్య నుంచి ఒక్క కిక్‌తోనే బంతి గోల్ దగ్గరికి చేరుతుంది. సొంత మైదానం, బయటి మైదానం అని రెండు భాగాలు చేస్తే సరిపోతుంది. ఇంతకంటే ముక్కలు చేస్తే మ్యాచ్‌ల సంఖ్య చాలదు.

ఎనిమిదో అడుగు: తీర్పు రాయడం

అన్ని అంకెలకూ బరువులిచ్చి ఒకే మార్కుగా కలపాలనిపిస్తుంది. ఆ పని ఒక గుంపు లోపల మాత్రమే చేయండి. జంట స్తంభాలకు సవరించిన గోల్స్‌కు సగం బరువు, పోటీ ఫలితాలకు పావు, గురికి పావు ఇవ్వవచ్చు. బంతిని కిందకు దించేవారికి పోటీ ఫలితాలకు సగం, అతను లేనప్పటి తేడాకు పావు, గోల్స్‌కు పావు. రక్-ఫార్వర్డ్‌కు రక్ పనికి తప్పకుండా విడిగా ఒక వాటా ఉండాలి. పైకి వచ్చి అందుకునేవారికి గోల్ అసిస్ట్‌లనూ, స్కోరుతో ముగిసిన కదలికల్లో వారి పాత్రను చెప్పే స్కోర్ ఇన్‌వాల్వ్‌మెంట్స్‌నూ ముందు పెట్టండి.

గుంపులు దాటి పోల్చేటప్పుడు మార్కులు వదిలేసి ప్రశ్న మార్చండి: ఈ జట్టు మొదటి ఫార్వర్డ్‌కు, ఈ రక్‌మన్‌కు ఇద్దరిలో ఎవరు బాగా సరిపోతారు? రక్‌మన్ ఒక్కడే మోస్తున్న జట్టుకు 25 గోల్స్ కొట్టే రక్-ఫార్వర్డ్ 40 గోల్స్ కొట్టే ఫార్వర్డ్ కంటే విలువైనవాడు కావచ్చు. ఇద్దరు మంచి రక్‌మన్లున్న జట్టుకు అతని అవసరమే ఉండదు.

పట్టికను సీజన్ మధ్యలో ఒకసారి, ఫైనల్స్ ముందు ఒకసారి సరిచూడండి. అక్టోబర్‌లో క్లబ్‌లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ సమయం ముగిశాక క్లబ్ మారిన ప్రతి ఆటగాడి వరసనూ ఆపేసి, కొత్త జట్టులో అతను ఏ గుంపులోకి వస్తాడో మొదటి అడుగు నుంచి మళ్లీ చూడండి. పాత క్లబ్‌లో మూడో పొడుగువాడిగా తెచ్చుకున్న అంకెలను కొత్త క్లబ్‌లో రెండోవాడి వరసలోకి నేరుగా తీసుకెళ్లకండి. కొత్త జట్టులో కనీసం ఆరు మ్యాచ్‌లు పూర్తయ్యేదాకా ఆ గడి పక్కన ప్రశ్నార్థకం ఉంచండి.